దాత: శ్రీకాంత్

ఊదా సిరా పోవడం లేదు. దూదిని శానిటైజర్‌లో ముంచి రుద్దేకొద్దీ పుస్తకం మొదటి పేజీ పలచబడుతోంది కానీ, "దాత: శ్రీకాంత్, రొంపిచెర్ల" అన్న స్టాంపు అక్షరాలు మాత్రం చెక్కుచెదరలేదు. మా ఆయన చేసిన పనుల్లో ఇంత గట్టిగా నిలబడింది ఇదొక్కటే.

నిజానికి ఈ నాలుగు పుస్తకాలూ ఆయనవి కావు, నావీ కావు. నరసరావుపేటలో బీఈడీ చదువుతున్నాను. పుస్తకాలు కొనాలంటే నెలల తరబడి జాకెట్లు కుట్టాలి. అందుకే ఆన్‌లైన్‌లో అద్దెకి తెప్పించుకున్నాను. షరతు ఒక్కటే. పరీక్షలయ్యాక ఒక్క గీత కూడా లేకుండా తిరిగి పంపాలి, లేకపోతే పూర్తి ధర కట్టాలి. పెన్సిలైనా తగలనీయకుండా, కూర కలిపిన చెయ్యి రెండుసార్లు కడుక్కుని మరీ పేజీలు తిప్పాను. మా అత్తగారు పార్వతమ్మ చూసి నవ్వింది. "ఏమే, అద్దె గిన్నెలు చూశాం, అద్దె సైకిళ్ళు చూశాం, అద్దె చదువేందే నీది?" అంది. అద్దె కారుకి జెండా కట్టుకుని తిరిగే కొడుకుని కన్న తల్లి ఆ మాట అనడం నాకు బాగా నచ్చింది.

మా ఆయన రాజకీయాల్లో ఉన్నాడు. ఉన్నానని అనుకుంటాడు. పొలం కౌలుకిచ్చేసి, ఇస్త్రీ ఖద్దరు తొడుక్కుని, వరండాలో ఎనిమిది మందిని కూర్చోబెట్టుకోవడాన్ని ప్రజాసేవ అంటాడు. ఆ సేవకి రోజుకి మూడు విడతల టీ నేను పెడతాను. మొన్న ఆదివారం వాళ్ళ పెద్ద నాయకుడి పుట్టినరోజు. ఏదో ఒకటి పంచి ఫోటో పెట్టాలి. పళ్ళు పంచితే డబ్బులవుతాయి. నేను నూజెండ్లలో మా అమ్మని చూడ్డానికి వెళ్ళిన పూట చూసి, మా ఆయనా ఆ ఎనిమిది మందీ కలిసి నా అల్మరాలోంచి పుస్తకాలు తీసి, నాలుగింటి మీదా స్టాంపు గుద్దారు. నాతోపాటు చదివే అల్ఫియాని పిలిపించి, చేతుల్లో పెట్టి ఫోటో తీశారు. తర్వాత "స్వీటు తినమ్మా" అంటూ చేతుల్లోంచి పుస్తకాలు తీసుకుని మళ్ళీ అల్మరాలో సర్దేశారు.

"అవి అద్దె పుస్తకాలండీ," అన్నాను తిరిగొచ్చాక.

"ఏంది నీ గోల? ఒక్క పేజీయేగా, చింపి పంపు. ముందు ఫోటో చూడు, చానా బాగొచ్చింది."

చూశాను. అల్ఫియా మొహం సగం తెగిపోయింది. ఆయన మొహం మాత్రం నిండుగా ఉంది. కోపం రాలేదు. ఇలాంటి మనిషికా పదేళ్ళుగా భయపడుతున్నాను అని సిగ్గేసింది. అయినా ఇవాళ దూది పట్టుకుని కూర్చున్నానంటే ఆ భయం ఇంకా ఉన్నట్టే.

గేటు చప్పుడైంది. అల్ఫియా. వాళ్ళ నాన్న నూర్ మొహమ్మద్ బైకుల మెకానిక్కు. ఆ పిల్ల క్లాసులో పక్కవాళ్ళ పుస్తకాలని ఫోన్‌తో ఫోటోలు తీసుకుని, పగిలిన స్క్రీన్ మీద చదువుకుంటుంది. వరండాలో ఎనిమిది మందినీ దాటుకుని గుమ్మం దగ్గర నిలబడింది.

"నిరోషక్కా, మొన్న అన్న ఇచ్చిన పుస్తకాలు నేనే మర్చిపోయి వెళ్ళా. పరీక్షలు ఇంక ఇరవై రోజులేగా, తీసుకెళ్దామని వచ్చా."

మా ఆయన ఫోన్లోకి తల దూర్చాడు. మా అత్తగారే అంది, "అది ఉత్త ఫోటోకేనమ్మా."

అల్ఫియా తల దించుకుంది. వెనక్కి తిరగబోయింది.

దూది అవతల పారేశాను. నాలుగు పుస్తకాలూ తెచ్చి అందరి ముందూ ఆ పిల్ల చేతుల్లో పెట్టాను.

"పిచ్చెక్కిందా నీకు? మరి నువ్వేం చదువుతావు?" అన్నాడు మా ఆయన. ఈ రెండేళ్ళలో నా చదువు గురించి ఆయన అడిగిన మొదటి ప్రశ్న అది.

"ఇవే. అల్ఫియా వాళ్ళింట్లో. పరీక్షలయ్యేదాకా రోజూ మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా అక్కడే ఉంటాను. స్టాంపు గుద్దినందుకు కంపెనీవాళ్ళు పూర్తి ధర అడుగుతారు. మీ నంబరిస్తాను. దాత మీరేగా."

నోట్సు చంకలో పెట్టుకుని చెప్పులేసుకున్నాను. "వదినా, టీ..." అన్నాడు వెనక నుంచి ఒకాయన. గేటు వేస్తూ చూశాను. ఎనిమిది మందీ దాతగారి వైపే చూస్తున్నారు.