అమ్మకు వినపడని వయోలా

మాకోలో కచేరీ ఉందంటే ఎటెల్కాకు ముందు రోజు నుంచే చేతులు చల్లబడతాయి. అది ఆమె పుట్టిన ఊరు. ముందు వరుసలో కుడి చివర వాళ్లమ్మ రొజాలియా కూర్చుంటుంది. మాకందరికీ ఆమె పిన్నే.

మేం నలుగురం కలిసి వాయించడం మొదలుపెట్టి ముప్పై ఒక్క ఏళ్లు. మొదటి వయొలిన్ వెండెల్, రెండోది నేను, ఇర్మాను. కాళ్ల మధ్య నిలబెట్టి వాయించే చెల్లో గెడియోన్‌ది, వయొలిన్ కన్నా కాస్త పెద్దదైన వయోలా ఎటెల్కాది. నిరుడు ఇక్కడే కచేరీ అయ్యాక రొజాలియా పిన్ని అందరి ముందూ అనేసింది.

"వెండెల్ పాట వినపడుతుంది. ఈ ఎలుగుబంటి గెడియోన్ గురగుర వినపడుతుంది. ఇర్మా కూడా అప్పుడప్పుడూ వినపడుతుంది. నువ్వేం చేస్తున్నావే తల్లీ? చెయ్యి ఊపడం తప్ప నాకేం తెలియట్లేదు."

అందరం నవ్వాం. మేం ఎటా అని పిలిచే ఎటెల్కా కూడా నవ్వింది. వ్యాన్‌లో మాత్రం గ్యూలా ఊరు చేరేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. పిన్నికి ఇప్పుడు ఎనభై నాలుగు.

ఈసారి మధ్యాహ్నం హాల్లో కుర్చీలు సర్దుతుంటే ఎటా గొంతు సవరించుకుంది.

"గెడియోన్, ఈ ఒక్క పూటకి చోట్లు మార్చుకుందామా? ఆ చివర కూర్చుంటే నా వయోలా వెనకగోడకేసి చూస్తుంది. చప్పుడంతా తెరలకే పోతోంది. అమ్మ ఒక్కసారైనా నన్ను వినాలి."

"ప్రాణం అడుగు, ఇస్తాను. ఈ చోటు మాత్రం అడగకు," అన్నాడు గెడియోన్. "అక్కడైతే వెండెల్ మొహం సరిగ్గా నా ఎదురుగా ఉంటుంది. ఇన్నేళ్లూ పక్కనుంచి చూసే నెట్టుకొచ్చాను. ఎదురుగా చూస్తే నవ్వాగదు."

"నా మొహానికేం?" అన్నాడు వెండెల్. కానీ అతనికీ మార్పు ఇష్టం లేదు.

చేతులెత్తాం. ఇద్దరు ఇటు, ఇద్దరు అటు. అలా చీలితే ఉన్నది ఉన్నట్టే ఉండాలన్నది మొదటి ఏడాది నుంచీ మా కట్టుబాటు. ఎటా తన వయోలా విల్లుకు రాళం రాసుకుంటూ కూర్చుంది.

అంతలో పిన్ని వచ్చింది, ఎప్పటిలాగే రెండు గంటల ముందు, పొగాచాలనే వేడి వేడి చిన్న ఉప్పు రొట్టెల పళ్లెం మీద గుడ్డ కప్పుకుని. గెడియోన్ అప్పుడే రెండు నోట్లో వేసుకున్నాడు. ఆమె తన కుర్చీ వైపు వెళ్తుంటే నాకు తట్టింది.

"కుర్చీలు కదలవు, సరే. పిన్ని కదలొచ్చుగా? ఎటా వెనకాల, వేదిక మీదే కూర్చోబెడదాం."

"జనం ముందా?" అన్నాడు వెండెల్.

"నేను దీనికి చెయ్యెత్తుతున్నా," అన్నాడు గెడియోన్ నిండిన నోటితో.

"ఈ చెప్పులతోనా?" అంది పిన్ని. "ఉండండర్రా, మార్చుకొస్తాను."

నాలుగు గంటలకు హైడన్ స్వరపరిచిన కృతి మొదలుపెట్టాం. నా చోటు నుంచి పిన్ని బాగా కనపడుతోంది. మొదటి భాగమంతా సంచీ ఒళ్లో గట్టిగా పట్టుకుని బిగుసుకుని కూర్చుంది. నెమ్మది భాగంలో మెల్లగా ముందుకు వంగింది. సంచీ జారి కింద పడింది. ఆమె చూడలేదు.

ఆ భాగం ముగిసింది. భాగానికీ భాగానికీ మధ్య ఎవరైనా దగ్గితే వెండెల్ ఓర్చుకోడు.

"ఏమే ఎటా!" అంది పిన్ని గట్టిగా. "ఆ అడుగున కదులుతున్నది నువ్వేనా?"

హాలంతా నవ్వింది. ఎటా వెనక్కి తిరిగింది. "నేనేనమ్మా."

"మరి ఇన్నాళ్లూ చెప్పవేం? మళ్లీ వాయించు. ఈ ముగ్గుర్నీ కాసేపు ఊరుకోమను."

నేను భయంగా వెండెల్ వైపు చూశాను. అతను వయొలిన్ ఒళ్లో పెట్టుకుని చేతులు కట్టుకున్నాడు. "విన్నారుగా, ఊరుకోండి," అన్నాడు మాతో.

ఎటా ఒక్కతే మొదలుపెట్టింది. అందులో పాటేమీ లేదు. మూడు స్వరాలు, కాస్త ఖాళీ, మళ్లీ మూడు స్వరాలు. జనం అయోమయంగా విన్నారు. అప్పుడు వెనకనుంచి పిన్ని గొంతెత్తి పాట అందుకుంది. వంటింట్లో మా రికార్డు పెట్టుకుని వేలాడదీయడానికి ఉల్లిపాయలు జడలల్లుకుంటూ వెండెల్ పాటంతా కంఠతా పట్టేసిందట. గొంతు జీరగా ఉంది కానీ పాట సరిగ్గానే ఉంది. ఒకచోట ఊపిరి అందక ఆగిపోయింది. ఎటా కళ్లు మూసుకుని, అమ్మ వచ్చేదాకా ఆ స్వరాన్నే పట్టుకుని ఉంది.

వెండెల్ నా చెవి దగ్గరకు వంగాడు. "ముప్పై ఒక్క ఏళ్లలో నాకోసం ఒక్కసారైనా అలా ఆగిందా?"

"నోరు మూసుకుని విను," అన్నాను.

పిన్నికి ఊపిరి అందింది. ఇద్దరూ కలిసి చివరిదాకా వెళ్లారు.