ఆగస్టు మార్కులు

ప్రతి ఆగస్టులోనూ నోరీన్ మా కుర్రాళ్ళని కంప్యూటర్ల ముందు కూర్చోబెడుతుంది. ఆటగాళ్ళ దెబ్బలు చూసుకునే మనిషి ఆమె. పన్నెండు మాటలు చూపించి, కాసేపాగి, గుర్తున్నవి రాయమంటుంది. ఆ మార్కులు దాచిపెడుతుంది. సీజన్లో ఎవడి తలకైనా దెబ్బ తగిలితే మళ్ళీ అదే పరీక్ష. మార్కులు తగ్గితే వాడు బెంచీ మీదే.

అందుకని మావాళ్ళు ఆగస్టులోనే తప్పులు రాస్తారు.

నేర్పింది నేనే. గుమ్మం దగ్గర నిలబడి, "ఒరేయ్, తెలివంతా ఇవాళే ఖర్చుపెట్టకండి, నవంబరుకి కాస్త ఉంచుకోండి" అంటాను. నవ్వుతూ లోపలికెళతారు. నా రోజుల్లో డాక్టరు వేళ్ళు చూపించి ఎన్ని అని అడిగేవాడు. ఎప్పుడడిగినా రెండే అనమని మా కోచ్ ముందే చెప్పి ఉంచేవాడు.

అమెరికన్ ఫుట్‌బాల్లో నేను లైన్‌బ్యాకర్ని. బంతి పట్టుకుని ఎదురొచ్చినవాణ్ణి గుద్ది పడెయ్యడం నా పని. ఈ ఊరి స్కూల్లో నాలుగేళ్ళు, కాలేజీలో నాలుగేళ్ళు, జీతమిచ్చే జట్టులో మూడు సీజన్లు అదే చేశాను. మోకాలు పోయి తిరిగొచ్చేసరికి స్టీలు మిల్లు మూతపడింది. ఊళ్ళో ఫుట్‌బాల్ ఒక్కటే మిగిలింది. పందొమ్మిదేళ్ళుగా కోచ్‌ని.

నా పాత స్థానంలో ఇప్పుడు ఎమెట్ సిపోస్ ఆడుతున్నాడు. పోయిన శుక్రవారం ఒకడి తలకి తల కొట్టుకుని పడిపోయాడు. లేచి, నేరుగా అవతలి జట్టు బెంచీ వైపు నడిచాడు. జనం నవ్వారు. నేనే వెళ్ళి భుజం పట్టి తిప్పాను.

బుధవారం పరీక్ష పెట్టారు.

"ఆగస్టులో ఎంతో ఇప్పుడూ అంతే, లెన్. డాక్టరు సంతకం పెట్టేశాడు. గట్టి బుర్రే వాడిది" అంది నోరీన్.

"బుర్రంటూ ఉంటే కదా దెబ్బ తగలడానికి" అన్నాను. ఇద్దరం నవ్వాం.

గురువారం ప్రాక్టీసులో ఎమెట్ అడిగాడు, "రేపు బస్సు ఎన్నింటికి, కోచ్?"

"బస్సేంట్రా, ఆట మన మైదానంలోనే కదా!"

"అవును కదూ" అని నవ్వాడు. పది నిమిషాల తర్వాత మళ్ళీ బస్సు సంగతే అడిగాడు.

సామాన్ల గదిలోకి తీసుకెళ్ళాను. "నిజం చెప్పు. ఆగస్టులో కావాలని ఎన్ని వదిలేశావు?"

వాడు తన చేతులకేసి చూసుకున్నాడు. "వదిలేశానా, కోచ్?"

నేను గది తలుపు దగ్గరికి వేశాను.

"అందరం వదిలేశాం కదా. నేనూ వదిలేసే ఉంటాను. నన్ను ఆపకండి, కోచ్. రేపు కాలేజీ జట్టుకి ఆటగాళ్ళని ఎంచుకునే ఆయన వస్తున్నాడు. మా నాన్న ఊరంతా చెప్పుకున్నాడు."

నోరీన్‌తో ఒక్క మాటంటే చాలు, ఆగస్టు మార్కులు అబద్ధమని. నలభైమంది మార్కులూ చెత్తబుట్టలో పడతాయి, సీజన్ ఆగిపోతుంది, నా ఉద్యోగం పోతుంది. అయినా చెప్పాలనే నడవాలోకి వచ్చాను. ఆమె తలుపు దాకా వెళ్ళాను కూడా.

"ఏంటి, లెన్?"

తలలో ఏమీ లేదు, ఎందుకొచ్చానో కూడా. లోపల గోడకి సున్నం వేసినట్టుంది. ఈ మధ్య ఇది నాకు అలవాటే. ఫ్రిజ్ తలుపు తీసి, ఎందుకు తీశానో తెలియక నిలబడిపోతుంటాను. మిగతాసార్లు కంగారుపడి వెతుక్కుంటాను. ఈసారి వెతకలేదు. ఆ తెలుపులో హాయిగా ఉంది.

"టేపు చుట్ట ఉందా?" అన్నాను.

"నీ చేతిలోనే ఉందిగా, పిచ్చి మొహమా!"

కారు దగ్గరికి వచ్చాక గుర్తొచ్చింది. ఆమె గదిలో దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. మరిచిపోయానా, మరిచిపోనిచ్చానా? ఎమెట్‌ని అడిగిన ప్రశ్న ఇదే. వాడికి తెలియలేదు. నాకూ తెలియలేదు. తాళం తిప్పి ఇంటికెళ్ళాను.

శుక్రవారం, ఆట మొదలవబోతోంది. నోరీన్ నాకు పది అడుగుల దూరంలో ఉంది. నేను టోపీ ముట్టుకుని, ఎడమ మోచెయ్యి ముట్టుకున్నాను. ఎడమకి జరగమని సైగ. ఎమెట్ నా వైపే చూస్తున్నాడు. మళ్ళీ చేశాను. చూస్తూనే ఉన్నాడు. మూడోసారి, పసివాడికి చూపించినట్టు నెమ్మదిగా చేశాను.

ఆట ఆపించడానికి రెండు అరచేతులు చాలు, ఇంగ్లీషు టీ అక్షరంలా ఒకదాని మీద ఒకటి నిలబెడితే సరిపోతుంది. నా చేతులు టోపీనీ మోచేతినీ తాకుతూనే ఉన్నాయి.

ఎమెట్ అర్థమైనట్టు తలూపాడు. కుడివైపుకి జరిగి నిలబడ్డాడు.

బంతి కదిలింది.