ముప్ఫై తొమ్మిదో చింతపిక్క

ముప్ఫై ఎనిమిదో పిక్క డబ్బాలో పడేసరికి తొమ్మిదయింది. ఆటో దిగిన గీతికను గేటు లోపలికి తెచ్చి, ముక్కు తుడిచి, చెప్పులు విప్పించాక, సువార్తమ్మ నడుముకున్న గుడ్డసంచిలోంచి ఇంకో చింతపిక్క తీసి తనకోసమూ వేసుకుంది. వచ్చిన బిడ్డకొక పిక్క, చివర తనదొకటి. సాయంత్రం బిడ్డను ఇంటివాళ్ళ చేతిలో పెట్టాకే ఆ పిక్క మళ్ళీ సంచిలోకి వెళుతుంది. తనది అందరికన్నా ఆఖర్న తీసి, గేటుకు తాళం వేస్తుంది. పాలకొల్లులో చర్చి వాళ్ళ ఆ చిన్నబడిలో ఇరవై ఆరేళ్ళుగా ఇదే వరస.

చెప్పుకోవడానికి ఆమెలో ఏముంది గనక! పొట్టి మనిషి. ఫినాయిలు నీళ్ళలో నాని నాని వేళ్ళ చివర్లు తెల్లబడ్డాయి. మోకాళ్ళు పట్టేసి, మెట్టు దిగాలంటే గోడ పట్టుకోవాలి. చదువు ఐదో తరగతి. మొగుడు పోయి పదేళ్ళు, పిల్లల్లేరు. బజార్లో ఎదురైతే ఎవరూ రెండోసారి చూడరు.

ఆ శుక్రవారం ఆమె కొంగున ఒక కాగితం ముడేసి ఉంది. ఇన్నేళ్ళూ టెంపరరీగా నడిచిన ఆయా పోస్టును పర్మనెంటు చేస్తున్నారట. దానికి అందరూ దరఖాస్తు పెట్టుకోవాలట. కావలసిన అర్హతలు ఐదు. ఒక్కోదానికి ఒక ఉదాహరణ రాయాలి, ఆధారం చూపాలి. సాయంత్రం ఐదులోగా పెద్ద చర్చి పక్క ఆఫీసుకు వెళ్ళి, గుమాస్తా ప్రసన్నకుమార్ గారి ఎదుట సంతకం పెట్టాలి. ఐదు దాటితే రిజిస్టరు కారెక్కి రాజమండ్రి వెళ్ళిపోతుంది. అందులో పేరు లేకపోతే సోమవారం నుంచి ఈ గేటు దగ్గర ఇంకొకరుంటారు.

మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక, యూకేజీ టీచరు తబిత కాగితం ముందేసుకుని కూర్చుంది. తబిత ఈ బడిలోనే అఆలు దిద్దింది. టీచరుగా తిరిగొచ్చిన రోజు నుంచి సువార్తమ్మ ఆమెను మీరు అనే అంటుంది.

"మొదటిది, పిల్లల పట్ల ప్రేమ. ఉదాహరణ చెప్పండి ఆయమ్మా."

"ప్రేమంటే ఏం రాత్తారమ్మా? ముక్కులు తుడుత్తాను. రాయండి."

"రెండోది, ఆపదలో చేసిన పని."

"అదేం లేదండి. జాషువాకి సపోటా గింజ గొంతులో అడ్డం పడితే బోర్లా తిప్పి వీపు మీద చరిచాను. ఇప్పుడు వాడు లారీ తోల్తన్నాడు."

తబిత నవ్వుకుంటూ రాసింది. మూడో అర్హత దగ్గర కలం ఆగింది. పిల్లల భద్రత. ఉదాహరణ, ఆధారం.

"అందులో చెప్పడానికేముందమ్మా? ఎవరూ తప్పిపోలేదు కదా," అంది సువార్తమ్మ. ఆధారం అనగానే డబ్బా ముందుకు జరిపింది. "ఇదిగో. సాయంత్రానికి ఖాళీ అయిపోద్ది. రోజూ అవుద్ది. ఇదే పంపండి."

మిగతావాళ్ళంతా సర్టిఫికెట్ల జిరాక్సులు పెడతారు. ఈవిడేమో మూత పోయిన పాలపిండి డబ్బా పెడతానంటోంది! తబితకు నవ్వొచ్చింది. ఊరికే ఫోనులో లెక్క కట్టింది. ఏడాదికి రెండువందల పైచిలుకు రోజులు, రోజుకు ముప్ఫై ఎనిమిది మంది, ఇరవై ఆరేళ్ళు. రెండు లక్షలు. రెండు లక్షల సార్లు ఒక బిడ్డ చెయ్యి ఇంకొకరి చేతిలో పెట్టింది ఈవిడ. ఒక్క పిక్క మిగల్లేదు! తుపాన్లకూ, కాలవ గట్లు తెగిన రోజుల్లోనూ మిగల్లేదు. అందులో ఒకటి నాది కూడానా అనుకునేసరికి తబిత ఒళ్ళు జలదరించింది. ఎదురుగా సువార్తమ్మ, నిద్రపోతున్న పిల్లాడి జారిన నిక్కరు సర్దుతోంది.

రెండున్నరకు సువార్తమ్మ వచ్చి, "సంతకం పెట్టేసి వచ్చేత్తానమ్మా," అంది.

"ఒక్క గంట ఆగండి ఆయమ్మా. ఇది ఇలా రాస్తే సరిపోదు. మళ్ళీ రాస్తాను," అంది తబిత.

రాసింది, కొట్టేసింది, మళ్ళీ రాసింది. బడి వదిలాక నాలుగున్నరకు ఫెయిరు కాపీ పూర్తయింది. అప్పటికి డబ్బాలో రెండే పిక్కలు. గీతికది, సువార్తమ్మది. గీతిక తాత జగన్నాథరాజు గారు ఇంకా రాలేదు. ఫోను చేస్తే కాలవ వంతెన మీద రొయ్యల లారీ ఆగిపోయిందనీ, అవతల ఇరుక్కుపోయాననీ అన్నారు.

"మీరు వెళ్ళండి ఆయమ్మా, గీతికను నేను చూసుకుంటాను కదా. ఆటో పిలుస్తాను."

"మీరు చూసుకుంటారమ్మా, కాదనను. కానీ పొద్దున్న చెయ్యి పట్టుకు దింపింది నేను కదండి."

"పోనీ పాపను కూడా తీసుకెళ్ళండి."

"ఇంటివాళ్ళు రాకుండా గేటు దాటించడమా!"

తబిత ఆఫీసుకు ఫోను చేసి బతిమాలింది. ప్రసన్నకుమార్ గారు అవతల నొచ్చుకున్నారు. "సంతకం నా ఎదురుగా పడాలండి. కారు వాకిట్లో ఉందండి. నేనేం చేయనండి!"

పెద్ద చర్చి గంట ఐదు కొట్టింది. సువార్తమ్మ గీతిక రెండో జడకు రిబ్బను కడుతోంది. చేతులు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కట్టాయి.

ఐదూ ఇరవైకి రాజు గారు చెమటలు కక్కుకుంటూ వచ్చారు. ఆమె పాప చేతిని ఆయన చేతిలో పెట్టి, పిక్క తీసి సంచిలో వేసుకుంది. పాపకు టాటా చెప్పింది.

తబిత ఏడుపు ఆపుకోలేకపోయింది. "నా వల్లే ఆయమ్మా. మధ్యాహ్నమే వెళ్ళనిచ్చి ఉంటే..."

"ఊరుకోమ్మా, పిచ్చిపిల్లా. ఏం రాశావో చదువు, వింటాను."

ఇన్నేళ్ళ తర్వాత నువ్వు అంది. తబిత వెక్కుతూనే మూడు పేజీలూ చదివింది. సువార్తమ్మ గడపలో కూర్చుని, చెంపకు చెయ్యి ఆనించి, పరాయివాళ్ళ సంగతి విన్నట్టు విన్నది.

"అబ్బో! ఎవరమ్మా ఈవిడ? మా బాగా చేసిందే!" అంది. నిజంగానే ఆశ్చర్యపోయింది ఆ మనిషి.

లేచి మెట్లు కడిగింది. గుడ్డసంచి విప్పి మేకుకు తగిలించింది. తాళంచెవి తబిత చేతిలో పెట్టి, గోడ పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

సోమవారం కొత్త ఆయా లక్ష్మీదుర్గ పెందలాడే వచ్చి గదులు ఊడ్చింది. మంచి పిల్లే. కిటికీలో ఉన్న డబ్బా తీసుకొచ్చి, "ఇది పారేయమంటారాండి?" అని అడిగింది.

తబిత డబ్బా అందుకుని లోపలికి చూసింది. అడుగున ఒకే ఒక్క చింతపిక్క ఉంది, నల్లగా, చేతుల్లో అరిగి నున్నగా.