విశ్వావసులో దొరికిపోయిన పాత గోడ

“మా బాట మింగినోళ్లు మీరే! గోడ కట్టినోళ్లు మీరే, అది పాతదని అబద్ధం జెప్పేటోళ్లు మీరే!”

గోడ దగ్గర విచారణ ఇంకా మొదలే కాలేదు, భవాని మొదలుపెట్టేసింది. తల్లి సాలమ్మ కొంగు పట్టి లాగినా ఆగలేదు. ఎందుకాగాలి? శామీర్‌పేట చెరువుకు వాళ్లు వలలు మోసుకుపోయే బాటకు అడ్డంగా వెంచర్ గోడ లేచి నిండా ఏడాది కాలేదు. గోడ పాతదని తేలితే దాని జోలికి పోనని సర్వే అధికారి ఫణిభూషణ్ ముందే చెప్పేశాడు. అంటే బాట పోయినట్టే.

వెంచర్ మేనేజర్ రఘునందన్ నవ్వుతూ ల్యాప్‌టాప్ తెరిచాడు.

“పాత వెబ్ పేజీలను దాచిపెట్టే సైట్ ఇది సార్. మా పేజీని రెండువేల పదమూడులో దాచింది. పైన తేదీ ఉంది, కింద ఫొటోలో గోడ ఉంది. ఇంకేం కావాలండీ?”

ఫణిభూషణ్ కళ్లద్దాలు సర్దుకుని చూశాడు. తేదీ ఉంది. గోడా ఉంది. గోడ పాతదేనని సంతకం పెట్టడానికి ఆయన జేబులోంచి పెన్ను తీశాడు.

“కాస్త త్వరగా కానివ్వండి సార్,” రఘునందన్ తొందరపెట్టాడు. “పన్నెండింటికి రాహుకాలం.”

“ఇవాళ పన్నెండుకా?” అన్నాడు ఫణిభూషణ్.

“ఇదిగో, ఇక్కడే ఉందిగా!”

తెర మీద పచ్చ పట్టీ. ప్లాటు చూడ్డానికి వచ్చేవాళ్లు మంచి గడియ చూసుకోందే ఇల్లు కదలరని, వెంచర్ వాళ్లు పేజీ నెత్తిన ‘నేటి పంచాంగం’ పెట్టుకున్నారు.

భవాని వంగి పైకే చదివింది. “శ్రీ విశ్వావసు నామ సంవత్సరం, బుధవారం...” ఆగింది. నవ్వాపుకోలేకపోయింది. “ఓ సారూ! విశ్వావసు మొన్నటి ఉగాదికి గదా వచ్చింది? పదమూడుల దాచిన పేజీలకు గిదెట్ల జొచ్చింది?”

ఫణిభూషణ్ పెన్ను గాల్లోనే ఆగింది. “పదమూడంటే విజయ. మా వాడు పుట్టిన ఏడు.”

“అబ్బే, ఆ పట్టీ ఒక్కటే ఏ రోజుకారోజు మా సైట్ నుంచి వస్తుందండీ. మిగతాదంతా పాతదే!”

“మరి ఫొటో గట్లనే వచ్చిందేమో! రాలేదని రాసిస్తవా అన్నా?”

రఘునందన్ నవ్వు ఆపేశాడు. “అది... టెక్నికల్ వాళ్లని అడగాలండీ.”

“రాహుకాలం ఆళ్లకే ముందుగాల వట్టింది,” అంది సాలమ్మ, కొంగు వదిలేసి.

భవాని అధికారి వైపు తిరిగింది. “తుర్కపల్లి మందుల ల్యాబుల పనిజేస్త సార్ నేను. డబ్బా మీది తారీఖు జూసి, లోపలి సీసాలన్నీ గా దినానివే అని రాస్తే నా నౌకరీ పోతది. గీ పేజీ డబ్బా అసొంటిదే. డబ్బా అబద్ధమాడలే. లోపల ఏది ఎప్పటిదో సూడకుండ సంతకం వెడితే మాత్రం తప్పు మీదే.”

ఫణిభూషణ్ పెన్నుకు మూత పెట్టి జేబులో వేసుకున్నాడు. “సరేనమ్మా, ఇప్పుడేం చేయమంటావు?”

“పేజీ తారీఖు నాకొద్దు. గా ఫొటో తారీఖు తెప్పియ్యున్రి, బాటలన్నీ గీసి ఉండే ఊరి పాత నక్ష తెప్పియ్యున్రి. అవి వచ్చేదాంక మా నాయిన వల భుజానేసుకొని గీ గోడకాడ నిలవడాల్నా? మనిషి వట్టేటంత సందు కొట్టియ్యున్రి. రేపు గాదు సార్, ఇయ్యాల్నే!”