గోడ విన్నది

...గోడే అయి ఉండాలి. గోడు అయితే ఆ కథలో ఇక భయమేముంది? అదీగాక నా వ్యాఖ్యానం వచ్చిన ఈ ఇరవై ఏళ్లుగా అందరూ గోడ అనే చదివారు. అందరూ చదివింది తప్పెలా అవుతుంది? అవుతుంది, నిజమే. అయినా ఈ పూటే కావాలా?

అతని ముందు రెండు కాగితాలున్నాయి. ఒకటి ప్రూఫు. వందేళ్ల నాటి దెయ్యం కథకు అతను రాసిన వ్యాఖ్యాన ప్రతి, మూడో కూర్పు, మధ్యాహ్నం ప్రెస్సుకు వెళ్లాలి. రెండోది కథకుడి మనవరాలు పెట్టెలోంచి తీసి పంపిన చేతిరాత పుట. అచ్చులో, కొత్త కోడలు దీపం ఆర్పి పడుకున్నాక, "రాత్రంతా గోడ విన్నది" అని ఉంది. చేతిరాతలో "గోడు విన్నది." అంటే విన్నది గోడ కాదు, కోడలు. పక్కగదిలో అత్తగారి ఏడుపు.

ఆ వాక్యం కింద అతని ఫుట్‌నోట్ రెండున్నర పేజీలు, వినే గోడ గురించి. కథ మరిచిపోయినవాళ్లు కూడా దాన్ని మరిచిపోలేదు. సభల్లో అతన్ని గోడ మాస్టారనే పిలుస్తారు. కొమ్ము పెడితే ఆ పేజీలూ పోతాయి, గోడ మాస్టారూ పోతాడు.

"కొమ్ములు తిరిగిన పండితులు, ఒక్క కొమ్ము చూసుకోలేదా మాస్టారూ?" అంది ఎదురు బల్ల దగ్గర ప్రూఫులు దిద్దే ఆవిడ. తేడా పట్టుకున్నది ఆవిడే.

"పాత అచ్చులోనే ఎగిరిపోయిందమ్మా. సీసం అక్షరాలు, అరిగిపోయి ఉంటుంది."

"అరిగిందో విరిగిందో. దెయ్యాలకు కొమ్ములుంటాయంటారు, మీ దెయ్యం కొమ్ము ఊడితేనే పుట్టింది." నవ్వి, అంతలోనే ఆగింది. "వదిలేస్తారా? వదిలేయండి. నేనెవరికీ చెప్పను. పుస్తకంలో ప్రూఫులు దిద్దినవారి దగ్గర నా పేరు మాత్రం తీసేయండి."

పాత ప్రతిలో ఆ డకారం పక్కన చిన్న మరక ఉండేది. మొదటి కూర్పు నాడే చూశాడు. దుమ్మనుకున్నాడు. అనుకోవాలనుకున్నాడు. ఎనిమిదేళ్లప్పుడు అతని మంచం గోడకు ఆనించి ఉండేది. అవతల అమ్మ ఏడ్చేది. "విన్నావురా?" అని అక్క అడిగితే, "గోడలో ఎలుక" అని అటు తిరిగి పడుకునేవాడు. అక్క ఒక్కతే లేచి వెళ్లేది. గోడ వింటే తను వినక్కర్లేదు. రెండున్నర పేజీల్లో రాసిందీ అదే, కాకపోతే పండితుల భాషలో.

డకు కొమ్ము పెట్టాడు. అది తేలిగ్గానే అయింది. ఫుట్‌నోట్ అంతా కొట్టేసి, పక్కన రాశాడు: "గత కూర్పులలో ఇక్కడ పొరపాటు జరిగింది."

ఆవిడ వచ్చి వంగి చదివింది. "జరిగిందా! దానంతటదే జరిగింది పాపం, వాన కురిసినట్టు."

"మరేమనాలి?"

"నన్నడుగుతారేం?" అని ఆవిడ టీ తెచ్చుకోవడానికి వెళ్లిపోయింది.

కింద వీధిలో ప్రెస్సు వ్యాను హారన్ రెండుసార్లు మోగింది. అతను "పొరపాటు జరిగింది" అన్న మాటలు కొట్టేసి, పైన "నేను పొరపడ్డాను" అని రాశాడు.