గురమ్మకొచ్చిన పోర్టుబ్లెయిర్ ఉత్తరం

నౌపడలో ఉప్పుమడుల పనికి వెళ్లేముందు జగన్నాధం రోజూ చద్దన్నం తిని, చెయ్యి కడుక్కుని, బియ్యం డబ్బాలోంచి తండ్రి ఉత్తరం తీసి చూస్తాడు. తండ్రి సోములు పెళ్లయిన ఆరేళ్లకి వడ్రంగి పనికని అండమాన్ వెళ్లాడు. మొదట్లో నెలకొక ఉత్తరం వచ్చేది, తర్వాత ఏడాదికొకటి. ఎనభై ఒకటిలో పోర్టుబ్లెయిర్ ముద్రతో ఈ ఇన్‌ల్యాండ్ లెటరు వచ్చాక మనిషీ రాలేదు, పోస్టూ రాలేదు. అయితే ఏటా జ్యేష్ఠమాసంలో ఆ పాత ఉత్తరంలోనే కొత్తగా ఒక మాట పడేది. 'మోకాలు నొప్పి.' 'ఈ ఏడు కొబ్బరి బాగా కాసింది.' 'జగ్గడికి పెళ్లయిందా?' ఇంట్లోవాళ్లు చదువుకుని మళ్లీ డబ్బాలో పెట్టేసేవారు. కరెంటు బిల్లు వచ్చిందా అన్నట్టే, మీ నాన్న రాశాడా అని ఊళ్లోవాళ్లు అడిగేవారు.

పోయినేడు మాట పడలేదు. ఈ ఏడూ జ్యేష్ఠం వెళ్లిపోయింది.

"నాన్న పోయినాడమ్మా," అన్నాడు జగన్నాధం. "కొరివి పెట్టినోడు లేక ఎక్కడ తిరుగుతన్నాడో ఏటో. దర్భబొమ్మ కట్టి దహనం సేసేద్దాం."

పంతులుగారితో మాట్లాడేశాడు కూడా, గురువారం పొద్దున్నే దహనం. పదోనాడు తల్లి గురమ్మ గాజులు తియ్యాలి, బొట్టు తుడవాలి. ఆ మాట మాత్రం అతని నోట రాలేదు. రాకపోయినా ఇంట్లో అందరికీ తెలుసు.

ఎనభై రెండేళ్ల గురమ్మ వీధరుగు నుంచి పెరట్లోకి, పెరట్లోంచి వీధరుగు మీదికి తిరుగుతూనే ఉంది. అన్నం దగ్గర కూర్చుంటుంది, లేచిపోతుంది.

"పోయినాడని ఎవులు సెప్పినారు? రాయనంతమాత్రాన సచ్చిపోయినట్టేటి?" అని కనబడ్డవాళ్లనల్లా నిలదీసింది.

బుధవారం జగన్నాధం కూతురు నీలవేణి శ్రీకాకుళం నుంచి వచ్చింది. అక్కడ జిరాక్స్ షాపులో పని. చెప్పులు విడవకుండానే ఉత్తరం విప్పి, తిప్పి తిప్పి చూసింది. మడతలన్నీ నిండాయి. అంచులు నిండాయి. జిగురు రాసే చోటు, అడ్రసు చుట్టూ, అంతా సోములు రాతే. చివరి మాట స్టాంపు పక్కన నువ్వుగింజలంత అక్షరాల్లో ఇరుక్కుని ఉంది.

"నాన్నా, ఇందులో సోటేదీ? తాత ఎక్కడ రాస్తాడు?"

జగన్నాధం తెల్లబోయాడు. గురమ్మకి చదువు రాదు. అతనేమో రోజూ కొత్త మాట కోసమే వెతికాడు తప్ప, అది పడ్డానికి జాగా ఉందా అని ఒక్కనాడూ చూడలేదు. ఇంత తెలివి తక్కువ కుటుంబం నౌపడలో మరొకటి ఉండదు.

నీలవేణి పోస్టాఫీసుకి పరుగెత్తి కొత్త ఇన్‌ల్యాండ్ లెటరు కొనుక్కొచ్చి, పాతదానితో కలిపి డబ్బాలో పెట్టింది.

గురువారం పొద్దున్న వాకిట్లో దర్భబొమ్మ పడుకుని ఉంది. పంతులుగారు వచ్చేశారు. జగన్నాధం తడిబట్టలతోనే డబ్బా మూత తీశాడు. కొత్త కాగితం మీద నాలుగు వరసలున్నాయి. కూడబలుక్కుంటూ పైకి చదివాడు.

"గురమ్మా, నాను పోయి పాతికేళ్లయింది. కొరివి ఇక్కడోళ్లు పెట్టినారు, జగ్గడ్ని బెంగెట్టుకోవద్దను. సెప్తే నీ సేత గాజులు తీయించేస్తారని సెప్పనేదు. నువ్వు తియ్యకు."

జగన్నాధం ఏడుపు ఆపుకోలేకపోయాడు. కాసేపటికి ముఖం తుడుచుకుని, "మరి అక్కర్నేదు పంతులుగారూ," అన్నాడు. ఆయన కాగితం ఒకసారి చదివి, తలూపి, సంచి సర్దుకుని వెళ్లిపోయాడు.

ఈ వారం రోజుల్లో గురమ్మ మొదటిసారి కుదురుగా కూర్చుంది. కళ్లనీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. మనవరాలిని పక్కకి పిలిచింది.

"దాని కిందే రాయే. గాజులు తియ్యను అని రాయి."

నీలవేణి రాసింది.

"అన్నేళ్లు బతికున్నప్పుడు, నన్ను రమ్మని ఒక్కపాలైనా ఎందుకు పిలవనేదో, అది సెప్పమను."