ఆనుకుంటే తాకినట్టేనా

చిలకమ్మకి సూది ఎందుకులే, ఎవరి జోలికీ పోదు అనుకుంటూ మంజూష అమీర్‌పేటలో బస్సెక్కింది, ఎక్కడమంటే తను ఎక్కిందేం లేదు, మైత్రీవనం ముందు ఊరికే నిలబడితే చాలు, జనమే మోసుకెళ్ళి, దారిలో జావా నేర్పించి, పెళ్ళి కూడా చేసి పంజాగుట్టలో దింపేస్తారు, చిలకమ్మంటే ఆడమనిషి కాదు, ఎక్కడో సముద్రం నడుమ దీవిలో ఇసుక మీద పొర్లే సీలు అనే జంతువు, మంజూష పెట్టుకున్న పేరది, ఆ జాతే అంతరించిపోతోందట, ఒకదానికి జబ్బొస్తే అన్నిటికీ అంటుకుంటుందని శాస్త్రవేత్తల బెంగ, టీకా మందు అన్నిటికీ చాలదు కాబట్టి ఎక్కువ సీళ్ళని తాకే సీలుకి ముందు సూది వేస్తారు, వీడియోల్లో ఆ తాకుళ్ళు చూసి గుర్తుపెట్టడం మంజూష పని, అమ్మకి ఫోన్లో చెబితే సీలంటే గవర్నమెంటు ముద్రే కదే అని కాకినాడలో వీధంతా మిఠాయి పంచింది, సీళ్ళు ముక్కులు రాసుకుంటే ఒక గుర్తు, కొట్టుకుంటే ఒక గుర్తు, చిలకమ్మ రెండూ చెయ్యదు, గుంపు మధ్యలో కళ్ళు మూసుకుని పడుంటుంది, దానికి సున్నా, ఇంకాసేపట్లో టీం లీడరు హనుమాండ్లన్న అంతా శాస్త్రవేత్తలకి పంపేస్తాడు, మస్తు చేసినవ్ మంజూషా, నీ నౌకరీ పక్కా అయినట్టే, జర పోయి పండుకో అన్నాడు,

భుజం తడిగా ఉందేంటి, పక్కసీటు పెద్దావిడ నిద్రలోంచి దగ్గి పైట అడ్డం పెట్టుకుంది, ఎప్పుడు ఒరిగారండీ అంటే, ఎక్కినప్పటి సంది నీ మీదనే ఉన్న గద బిడ్డ, గిప్పుడు తెలిసిందా అని మళ్ళీ ఒరిగి నిద్రలోకి జారుకుంది, నిజమే, తెలియలేదు, హాస్టలు నడిపే స్వరాజ్యంగారు మంచాలన్నీ కలిపేస్తే ఒకరి మోచెయ్యి ఇంకొకరి డొక్కలో, దాన్ని తాకడమని ఎవరంటారు, మరి మొన్న కళ్ళకలక హాస్టలంతా ఎలా తిరిగింది, ఎవరూ ఎవరితో కొట్టుకోలేదే, ముక్కులూ రాసుకోలేదే, అయ్యో, చిలకమ్మ వీపు మీద తలలు పెట్టుకుని గుంపు గుంపంతా నిద్రపోయేది, పిల్లసీళ్ళు దాని మీదుగానే పాక్కుంటూ నీళ్ళలోకి పోయేవి, అన్నీ చూసింది, ఒక్కటీ తాకినట్టు అనిపించలేదు, ఇరుకులో బతికే కళ్ళకి ఆనుకోవడం ఆనదు,

ఫోను తీసింది, అన్నా, పంపకండి, తప్పుగా చూశాను, ఆనుకున్నవన్నీ వదిలేశాను, మళ్ళీ మొదట్నించి చూడాలి అంది, మొత్తమా, గట్లయితె నీ నౌకరీ సంగతి నేను చెప్పలేను మరి అన్నాడు హనుమాండ్లన్న, సరేనన్నా అంది, బస్సు పంజాగుట్టలో ఆగింది, దిగి వెనక్కి ఆఫీసుకి పోవాలి, మెలకువ రాకుండా పెద్దావిడ తలని మెల్లగా కిటికీకి ఆనించింది, ఎవరి దగ్గరికీ పోకుండా, అందరూ తనమీద ఒరుగుతుంటే కదలకుండా ఉండేదే అందరికంటే ఎక్కువమందిని తాకుతుంది.